ఇంట్లో కట్టుకున్న విమానంలో మిక్స్చర్ చూసుకోవడం: ఒక ఆక్సిజన్ సెన్సరా, నాలుగు ఈజీటీలా?

అమెరికాలో టెక్సస్‌లో ఉంటూ గరాజ్‌లో ఆర్‌వీ-9ఏ అనే చిన్న విమానం కడుతున్న ఒక మిత్రుడి ప్రశ్న క్లుప్తంగా ఇది: "నా ఇంజిన్ లైకమింగ్ ఓ-320, 160 హార్స్‌పవర్, కార్బ్యురేటర్‌ది, ఫిక్స్‌డ్ పిచ్ (రెక్కల కోణం మారని) ప్రొపెల్లర్. దానితో వచ్చిన పాత ప్యానెల్‌లో ఒక ఈజీటీ గేజి, ఒక సీహెచ్‌టీ గేజి మాత్రమే ఉన్నాయి. కార్లు ట్యూన్ చేసేవాళ్ళు వాడే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ ఒకటి ఎగ్జాస్ట్‌లో బిగిస్తే గాలికి, పెట్రోలుకు మధ్య నిష్పత్తి నేరుగా అంకెల్లో కనిపిస్తుంది కదా. ఇక నాలుగు సిలిండర్లకూ విడివిడిగా ప్రోబులు (వేడి కొలిచే కడ్డీలు), ఆ వైర్లన్నీ ఎందుకు? సెన్సర్ పెట్టాలంటే దాని బంగ్ (సెన్సర్ బిగించే దారాల గూడు) ఎక్కడ వెల్డ్ చేయించాలి?"

సూటిగా చెబుతాను. ఆ సెన్సర్ కావాలంటే కొనండి, కాకపోతే దాన్ని పరీక్షల సామానులో ఉంచండి. రోజూ ఎగిరేటప్పుడు మీ ఇంజిన్‌ని కాపాడేవి నాలుగు సిలిండర్లకు నాలుగు ఈజీటీలు, నాలుగు సీహెచ్‌టీలు, ఒక ఫ్యూయల్ ఫ్లో మీటరు. రెంటికీ డబ్బు సరిపోకపోతే సెన్సర్‌ని వదిలేసి వీటికే పెట్టండి. ఈజీటీ అంటే సిలిండర్ నుంచి బయటికొచ్చే ఎగ్జాస్ట్ వేడి, సీహెచ్‌టీ అంటే సిలిండర్ హెడ్ వేడి. ఇక్కడ నేను చెప్పే డిగ్రీలన్నీ ఫారన్‌హీట్, గాలన్లన్నీ అమెరికన్ గాలన్లు. మీ మాన్యువల్ కూడా వాటిలోనే ఉంటుంది.

ముందు అంకెల సంగతి. పెట్రోలు మొత్తం మండిపోవాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి కావాలి. దాన్నే లాంబ్డా 1 అంటారు. అత్యధిక శక్తి కావాలంటే కొంచెం రిచ్‌గా (పెట్రోలు పాలు ఎక్కువగా), దాదాపు 12.5 దగ్గర, అంటే లాంబ్డా 0.85 దగ్గర నడపాలి. పెట్రోలు ఆదా కావాలంటే 16 వైపు లీన్ చేయాలి, అంటే పెట్రోలు పాలు తగ్గించాలి. ఇంత చక్కగా అంకెలు ఉన్నప్పుడు ఆ అంకెనే కొలిస్తే పోలేదా అనిపించడం సహజం. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కారులో అది నిజంగానే పనిచేస్తుంది. ఎందుకంటే అక్కడ ప్రతి సిలిండర్‌కూ దాని ఇంజెక్టర్ దానికి ఉంటుంది, అన్నిటికీ దాదాపు ఒకే కొలత పడుతుంది.

మీ ఓ-320లో అలా కాదు. కార్బ్యురేటర్ ఇంజిన్ అడుగున ఉంటుంది. అక్కడ కలిసిన గాలీ పెట్రోలూ వేడి ఆయిల్ సంప్ మధ్యగా పైకి వచ్చి నాలుగు పైపులుగా చీలతాయి. పెట్రోలంతా ఆవిరై ఉండదు, కొంత తుంపరగా, కొంత గోడ పట్టుకు పాకే తడిగా ఉంటుంది. బరువైన ఆ తుంపర మలుపు దగ్గర ఎటు మొగ్గితే ఆ సిలిండర్ రిచ్, మిగతావి లీన్. అందుకే ఒకే ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లూ నాలుగు రకాల మిక్స్చర్ మీద నడుస్తుంటాయి. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు, కానీ ఆ మాట ఒకే గిన్నెలో అన్నానికి. ఇక్కడ నాలుగు పొయ్యిల మీద నాలుగు గిన్నెలున్నాయి.

ఎగ్జాస్ట్ పైపులన్నీ కలిసే చోట సెన్సర్ పెట్టారనుకోండి. మూడు సిలిండర్లు లాంబ్డా 0.95లో, ఒకటి 1.15లో నడుస్తుంటే తెర మీద కనిపించేది 1.0 దగ్గరి అంకె. అంకె చూడముచ్చటగా ఉంటుంది. కానీ 0.95 దగ్గర ఉన్న ఆ మూడూ హెడ్లు అన్నిటికంటే ఎక్కువ వేడెక్కే చోట ఉన్నాయి, నాలుగోది శక్తి లేక ఇంజిన్‌ని వణికిస్తోంది. ఈ రెండిట్లో ఒక్కటీ ఆ సగటు చెప్పదు. రెండు టెయిల్ పైపుల ఎగ్జాస్ట్ అయితే మరీ అన్యాయం, సెన్సర్ చూసేది రెండు సిలిండర్లనే. మిగతా రెండూ దానికి లేనట్టే.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. ఆ సెన్సర్ కొలిచేది పెట్రోలుని కాదు, ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్‌ని. ఒక సిలిండర్‌లో ప్లగ్గు పాడై మంట అంటుకోలేదంటే ఆ సిలిండర్ పీల్చుకున్న గాలి అలాగే బయటికి వచ్చేస్తుంది. సెన్సర్‌కి ఆక్సిజన్ దండిగా తగులుతుంది, తెర మీద "లీన్" అని చూపిస్తుంది. అసలు కారణం మిక్స్చర్ మరీ రిచ్ అయిపోయి ప్లగ్గు తడిసిపోవడమే కావచ్చు. అయినా అంకె లీన్ అంటుంది, పైలట్ ఇంకా రిచ్ చేస్తాడు, మిస్‌ఫైర్ ఇంకా పెరుగుతుంది. ఎగ్జాస్ట్ జాయింటులో చిన్న సందు ఉన్నా, టెయిల్ పైపు పొట్టిగా ఉండి ఐడిల్‌లో బయటి గాలి వెనక్కి లాగినా ఇదే తప్పుడు లీన్ కనిపిస్తుంది. అదే మిస్‌ఫైర్ నాలుగు ఈజీటీలున్న తెర మీద ఎలా ఉంటుందో చూడండి: మూడు గీతలు నిలబడి ఉంటాయి, ఒకటి కుప్పకూలిపోతుంది. ఏ సిలిండరో వేలు పెట్టి చూపించినట్టు తెలిసిపోతుంది.

ఇక సీసం. మీ ఊరి ఎయిర్‌పోర్టులో దొరికే విమానాల పెట్రోలు 100ఎల్ఎల్‌లో లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండొచ్చు. పేరులో "లో లెడ్" అని ఉన్నా పాత కారు పెట్రోలుతో పోలిస్తే తక్కువేమీ కాదు. ఆ సీసం సెన్సర్ మూతికి పట్టేసి, కార్లో ఏళ్ళ తరబడి ఉండాల్సినదాన్ని పదుల గంటల్లోనే చంపేస్తుంది. చచ్చేది కూడా చెప్పి చావదు. స్పందన మెల్లగా మందగిస్తుంది, అంకె కొద్దికొద్దిగా పక్కకు జరుగుతుంది. తెర మీద ఎర్ర లైటేమీ వెలగదు. నిన్నటి అంకెనే నమ్మి రేపు లీన్ చేయడం నాకు భయం. అమెరికాలో 2030కల్లా పిస్టన్ విమానాలకు సీసం పెట్రోలు లేకుండా చేయాలని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, పరిశ్రమ కలిసి లక్ష్యం పెట్టుకున్నాయి. అది పూర్తయితే ఈ ఒక్క అభ్యంతరం పోతుంది, సగటు గొడవ మాత్రం అలాగే ఉంటుంది.

మరి సెన్సర్ ఎక్కడ పనికొస్తుంది? సుబారు, హోండా లాంటి కారు ఇంజిన్ పెట్టుకుని ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) ఫ్యూయల్ మ్యాప్ మొదటి నుంచీ రాసుకునేవాళ్ళకు అది లేకుండా కుదరదు. ప్రతి ఆర్‌పీఎం దగ్గర, ప్రతి మ్యానిఫోల్డ్ ప్రెషర్ దగ్గర ఎంత పెట్రోలు పోయాలో చెప్పే ఆధారం అదొక్కటే. ఫోక్స్‌వ్యాగన్ కన్వర్షన్‌లో కార్బ్యురేటర్ జెట్ (పెట్రోలు కొలత నిర్ణయించే సన్న రంధ్రం) మార్చి చూసుకునేవాళ్ళకూ అంతే. మీలాంటి కార్బ్యురేటర్ లైకమింగ్‌కు ఒక పని ఉంది: నేల మీద ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు, తర్వాత మొదటి క్లైంబుల్లో, మొత్తం మీద ఇంజిన్ తగినంత రిచ్‌గా ఉందా అన్నది తేల్చుకోవడం. ఫుల్ రిచ్‌లో లాంబ్డా 0.75, 0.8 చుట్టుపక్కల ఉండాలి. 0.9 కనిపిస్తే ఎగరడం ఆపి కార్బ్యురేటర్ సంగతి చూడాలి. ఇంజిన్ నడుస్తున్నంత సేపూ సెన్సర్ హీటరు ఆన్‌లో ఉండేలా వైరింగ్ చేయండి. హీటర్ లేకుండా ఎగ్జాస్ట్‌లో ఊరికే కూర్చుంటే మసి పట్టి ఇంకా త్వరగా పోతుంది. నీళ్ళు లోపల నిలవకుండా సెన్సర్ వెనక వైపు పైకి వాలి ఉండాలి.

ఇప్పుడు ఈజీటీ. దీని మీద జనంలో ఉన్న అపోహ ఒకటి ముందే తీసేస్తాను. "నా మూడో సిలిండర్ 1450, ఒకటోది 1380, మూడోది కాలిపోతోందా?" అని అడుగుతుంటారు. కాదు. ఆ ప్రోబుకి వేడి గాలి నిరంతరం తగలదు, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్నప్పుడు మాత్రమే ఒక్కో దెబ్బగా తగులుతుంది. అది చూపించేది ఒక రకమైన సగటు. ప్రోబు అరంగుళం అటూ ఇటూ జరిగినా అంకె మారుతుంది. కాబట్టి ఈజీటీలో అసలు అంకెకు విలువ లేదు. విలువ రెండింటికి: ఆ సిలిండర్ తన సొంత పీక్‌కి ఎంత దూరంలో ఉంది, నిన్నటికి ఇవాళ్టికి ఏం మారింది.

పీక్ అంటే ఏమిటంటే, మిక్స్చర్ నాబ్ మెల్లగా లాగుతుంటే ప్రతి సిలిండర్ ఈజీటీ పెరుగుతూ పెరుగుతూ ఒక చోట ఆగి, తర్వాత తగ్గడం మొదలెడుతుంది. ఆ శిఖరం దాదాపు లాంబ్డా 1 దగ్గర వస్తుంది. అంటే, మీరు కారు సెన్సర్‌లో వెతుకుతున్న అంకెను ఇంజినే ప్రతి సిలిండర్‌కూ విడిగా చూపిస్తోంది, సీసానికి పాడవని ఓ తీగ ముక్కతో. పీక్‌కి 100 నుంచి 125 డిగ్రీలు రిచ్ వైపు ఉంటే అత్యధిక శక్తి. పీక్‌కి 40, 50 డిగ్రీలు రిచ్ వైపు ఉన్నచోట హెడ్ వేడి, లోపలి ఒత్తిడి గరిష్ఠం. చాలామంది "50 రిచ్ ఆఫ్ పీక్" అని గొప్పగా పెట్టుకునే చోటు సరిగ్గా ఇదే. 60, 65 శాతం శక్తి లోపల అయితే ఇంజిన్ ఓర్చుకుంటుంది. 75 శాతంలో ఆ చోట గంటల తరబడి ఉంచకండి. పీక్ దాటి 20 నుంచి 50 లీన్ వైపు వెళ్తే హెడ్ చల్లబడుతుంది, పెట్రోలు తగ్గుతుంది, కాకపోతే నాలుగు సిలిండర్లూ కలిసి అక్కడికి చేరాలి. కార్బ్యురేటర్ ఇంజిన్‌తో కష్టం అక్కడే.

ప్రోబులు బిగించడం గురించి వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే సగం "మిక్స్చర్ సమస్యలు" ఇక్కడే పుడతాయి. నాలుగు ప్రోబులూ ఎగ్జాస్ట్ ఫ్లాంజి నుంచి ఒకే దూరంలో ఉండాలి, రెండు నుంచి నాలుగు అంగుళాల మధ్య ఎక్కడైనా సరే. వంపు మీద, స్లిప్ జాయింటు పక్కన వద్దు. రంధ్రం పెట్టేముందు కౌలింగ్ (ఇంజిన్ మూత) ఎక్కించి, ప్లగ్గు వైర్లు, ప్రైమర్ లైన్లు ఎక్కడికి వస్తాయో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. క్లాంప్ స్క్రూ మీ స్క్రూడ్రైవరుకు అందేలా తిప్పి ఉంచండి. వైరు దగ్గర అసలు తిరకాసు ఉంది. ఈజీటీకి వాడేది కే టైపు థర్మోకపుల్ (రెండు లోహాల తీగలు కలిపి వేడి కొలిచేది), సీహెచ్‌టీకి జే టైపు. ప్రోబు నుంచి తెర దాకా అదే జాతి తీగ పోవాలి, మధ్యలో మామూలు రాగి వైరు అతికితే అతికిన చోటి వేడి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అమెరికన్ రంగుల్లో కే టైపుకి పసుపు పాజిటివ్, జే టైపుకి తెలుపు పాజిటివ్, రెంటికీ ఎరుపు నెగటివ్. ఎరుపు అంటే పాజిటివ్ అని అలవాటైన చెయ్యి ఇక్కడ తప్పకుండా తిరగేస్తుంది. తిరగేశారో లేదో తెలుసుకోవడం తేలిక: ప్రోబు కొసను లైటర్‌తో వేడి చేయండి. తెర మీద అంకె తగ్గుతుంటే వైర్లు మార్చండి. అలా నాలుగూ ఒక్కొక్కటిగా వేడి చేసి చూస్తే ఒకటో సిలిండర్ ప్రోబు నిజంగా ఒకటో గీతకే వెళ్ళిందా అన్నది కూడా తేలిపోతుంది. ఈ పరీక్ష చేయకుండా మొదటిసారి ఎగరకండి.

సీహెచ్‌టీకి హెడ్ కింద ఉన్న గుంటలో బిగించే బేయొనెట్ ప్రోబే వాడండి. ప్లగ్గు కింద వాషర్‌లా వేసే రకం వేరే అంకె చూపిస్తుంది, లైకమింగ్ చెప్పే 500 డిగ్రీల హద్దు ఆ చోటికి కాదు. ఆ 500 కూడా హద్దే తప్ప నడిపే చోటు కాదు. పొదుపు క్రూజులో 400 లోపే ఉంచమని లైకమింగే చెబుతుంది. అల్యూమినియం ఆ వేడి దాటాక బలం వేగంగా కోల్పోతుంది. మీ తెరలో మొదటి అలారం 400 దగ్గర పెట్టండి. ఒక సిలిండర్ హెడ్ వేడి సెకనుకో డిగ్రీ చొప్పున ఎగబాకుతూ, అదే సమయంలో దాని ఈజీటీ తగ్గుతుంటే అది మిక్స్చర్ ఆటలు ఆడే సమయం కాదు. ప్రీ-ఇగ్నిషన్‌లో (ప్లగ్గు వెలగకముందే మంట అంటుకోవడం) గానీ డిటోనేషన్‌లో (మిక్స్చర్ ఒక్కసారిగా పేలినట్టు మండడం) గానీ కనిపించే జంట లక్షణం అది. వెంటనే థ్రాటిల్ తగ్గించి, మిక్స్చర్ ఫుల్ రిచ్ చేసి, దిగడానికి చోటు చూసుకోవాలి.

ఈ నాలుగు గీతలు మిక్స్చర్‌తో పాటు ఇంకా చాలా చెబుతాయి. రనప్‌లో, అంటే టేకాఫ్‌కి ముందు నేల మీద చేసే ఇంజిన్ పరీక్షలో, ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే రెండు మ్యాగ్నెటోల్లో ఒకటి ఆపినప్పుడు నాలుగు ఈజీటీలూ 50 నుంచి 100 డిగ్రీలు పెరగాలి, ఒక్క ప్లగ్గుతో మంట ఆలస్యంగా ముగుస్తుంది కాబట్టి. పెరగాల్సిన చోట ఒకటి పడిపోతే ఇంకా నడుస్తున్న రెండో మ్యాగ్నెటో కింద ఆ సిలిండర్ ప్లగ్గు చచ్చినట్టు. క్రూజులో ఒకే సిలిండర్ ఈజీటీ 30 నుంచి 60 డిగ్రీలు మెల్లగా, నిమిషానికో అల చొప్పున పైకీ కిందికీ ఊగుతుంటే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలడం మొదలైందని అనుమానించి బోర్‌స్కోప్ (సిలిండర్ లోపలికి దూర్చి చూసే సన్న కెమెరా) పెట్టి చూడాలి. వాల్వ్ తిరుగుతూ ఉంటుంది, కాలిన చోటు తిరిగి వచ్చినప్పుడల్లా ఆ ఊపు వస్తుంది.

మా ఫీల్డులో ఒక ఓ-320లో చూసిన సంగతి చెబుతాను. ఐడిల్‌లో ఇంజిన్ కొంచెం గరగరమంటోంది, మూడో సిలిండర్ ఈజీటీ తక్కువ పవర్‌లో మిగతావాటికంటే బాగా పైన ఉంటోంది, థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే ఆ తేడా మాయమవుతోంది. యజమాని కార్బ్యురేటర్ విప్పి ఓవర్‌హాల్‌కి పంపే ఆలోచనలో ఉన్నాడు. కార్బ్యురేటర్ తప్పయితే నాలుగింటికీ కనిపించాలి, ఒక్కదానికే ఎందుకు? కింది కౌలింగ్ దించి, టార్చి, చేతి అద్దం పట్టుకుని మూడో సిలిండర్ ఇన్‌టేక్ పైపు హెడ్‌కి కలిసే ఫ్లాంజి చూశాం. గ్యాస్కెట్ అంచు చుట్టూ లేత నీలం మరక. 100ఎల్ఎల్‌కి వేసే రంగు నీలం. ప్రైమ్ చేసిన పెట్రోలు ఆ సందులోంచి ఊరి, ఎండిపోయి, రంగు వదిలిపెట్టింది. బోల్టు స్పానర్ పెట్టగానే తిరిగింది. గ్యాస్కెట్ మార్చి టార్క్ రెంచితో బిగించాక గీతలు మళ్ళీ కలిశాయి. ఐడిల్‌లో మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ ఎక్కువ, అందుకే బయటి గాలిని గట్టిగా పీల్చి ఆ ఒక్క సిలిండర్‌ని లీన్ చేసింది. ఫుల్ థ్రాటిల్‌లో లోపలా బయటా ఒత్తిడి దాదాపు సమానం, పీల్చేదేమీ లేదు. టెయిల్ పైపులో సెన్సర్ ఒక్కటే ఉండి ఉంటే ఇందులో ఏ ముక్కా తెలిసేది కాదు.

ఫ్యూయల్ ఫ్లో మీటరు లేకుండా ఈజీటీలు సగం మాటే చెబుతాయి. టేకాఫ్‌లో ఇంజిన్‌కి ఎంత పెట్రోలు కావాలో లెక్క తేలికే. ఫుల్ రిచ్‌లో ఒక హార్స్‌పవర్‌కు గంటకు సుమారు అర పౌను. 160కి 80 పౌన్లు, గాలన్ ఆరు పౌన్ల లెక్కన 13.3 గాలన్లు. సముద్ర మట్టం దగ్గర టేకాఫ్‌లో మీ మీటరు 11 చూపిస్తుంటే ఏదో తేడా ఉంది. మీటరు అంకెను ముందు ట్యాంకు నింపే బిల్లులతో సరిపోల్చుకోండి. మీటరు చెప్పింది పంపు కొలిచినదానికంటే ఎక్కువైతే, గాలన్‌కి ఎన్ని పల్సులో చెప్పే కే-ఫ్యాక్టర్‌ని అదే నిష్పత్తిలో పెంచాలి, తక్కువైతే తగ్గించాలి. మూడు నాలుగు ట్యాంకులకు అది కుదురుకుంటుంది.

మొదటి ఎగురుడుకి ముందు ఇంకొకటి తప్పనిసరి. ఎఫ్ఏఏ ఇంటి విమానాల ఫ్లైట్ టెస్ట్ హ్యాండ్‌బుక్, ఏసీ 90-89, పంపుతో నడిచే వ్యవస్థ టేకాఫ్ అవసరానికి 125 శాతం పెట్రోలు ఇవ్వగలగాలని చెబుతుంది. మీకది గంటకు 16.6 గాలన్లు. కార్బ్యురేటర్ దగ్గర లైను విప్పి, ముక్కు క్లైంబులో ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తి, ట్యాంకులో కొద్దిగానే పెట్రోలు ఉంచి, ఎలక్ట్రిక్ పంపుతో కొలపాత్రలోకి పోయించండి. గాలన్ పెట్రోలు సుమారు 3 నిమిషాల 36 సెకన్లలోపు రావాలి. రెండు ట్యాంకులకూ విడివిడిగా చేయండి. నిప్పు ఆర్పే సిలిండర్ పక్కనే, ఆరుబయట, విమానానికీ పాత్రకూ గ్రౌండింగ్ వైరు వేసి చేయండి. మిక్స్చర్ ఎంత బాగా సెట్ చేసినా వచ్చే దారిలో పెట్రోలే చాలకపోతే ఇంజిన్ లీన్ అయ్యేది సరిగ్గా చెట్ల పైన టేకాఫ్‌లోనే.

ఐడిల్ మిక్స్చర్ త్వరగా చెప్పేస్తాను. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో మిక్స్చర్ నాబ్ మెల్లగా లాగండి, ఆగేముందు ఆర్‌పీఎం 25 నుంచి 50 పెరగాలి. అంతకంటే పెరిగితే రిచ్, అసలు పెరగకపోతే లీన్. ట్యాక్సీలో, అంటే విమానాన్ని నేల మీద నడిపేటప్పుడు, బాగా లీన్ చేసుకోండి, లేకపోతే కింది ప్లగ్గుల్లో సీసం పూసలు కడుతుంది.

ఇంజిన్ కొత్తగా ఓవర్‌హాల్ అయినదైతే ఆయిల్ ఖర్చు కుదురుకునే దాకా లీన్ ప్రయోగాలు వద్దు, రిచ్‌గా, గట్టి పవర్‌లో నడపండి. ఆ తర్వాత ఫేజ్ వన్ (కొత్త విమానానికి తప్పనిసరి తొలి ఎగురుడు పరీక్షలు) గంటల్లో, 25 కానీ 40 కానీ మీకు రాసిచ్చినన్ని గంటల్లో, ఒక పూట దీనికే కేటాయించండి. 7,500 అడుగుల పైన, గాలి నిలకడగా ఉన్న ఉదయం, 65 శాతం లోపు పవర్‌లో పెట్టి, రికార్డింగ్ సెకనుకోసారి ఉండేలా చూసి, మిక్స్చర్ నాబ్‌ని అతి మెల్లగా తిప్పుతూ రిచ్ నుంచి ఇంజిన్ వణికే దాకా పోండి. మళ్ళీ మెల్లగా రిచ్‌కి రండి. నేల మీదికొచ్చాక ఒక్కో సిలిండర్ ఏ ఫ్యూయల్ ఫ్లో దగ్గర పీక్ కొట్టిందో రాసుకోండి. మొదట పీక్ అయినదానికీ చివర అయినదానికీ తేడా గంటకు అర గాలన్ లోపు ఉంటే అదృష్టం. కార్బ్యురేటర్ ఇంజిన్లలో గాలన్ దాటడం మామూలే. లీన్ చేసినప్పుడు ఇంజిన్ వణకడానికి అసలు కారణం ఈ తేడానే. లీన్ మిక్స్చర్‌కి మంట అంటుకోక కాదు, నాలుగు సిలిండర్లూ నాలుగు రకాలుగా తోస్తుంటాయి కనుక.

ఆ తేడాను తగ్గించే ఉపాయాలు రెండున్నాయి, రెండూ ఖర్చు లేనివి. ఒకటి, ఫుల్ థ్రాటిల్ నుంచి ఆర్‌పీఎం పడీ పడనట్టు ఒక్క రవ్వ వెనక్కి తీయడం. కార్బ్యురేటర్‌లోని సీతాకోక వాల్వ్ (థ్రాటిల్ రేకు) కాస్త వాలితే దాని వెనక గాలి సుడి తిరిగి తుంపర బాగా కలుస్తుంది. రెండోది, కొద్దిగా కార్బ్ హీట్, అంటే కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపడం. వెచ్చని గాలిలో పెట్రోలు ఎక్కువ ఆవిరవుతుంది, ఆవిరైనది నాలుగు వైపులకూ సమానంగా పోతుంది. వేడి గాలి పల్చన కాబట్టి కార్బ్ హీట్ ఇవ్వగానే మిక్స్చర్ రిచ్ అవుతుంది, కాబట్టి మళ్ళీ లీన్ చేసుకోవాలి. ప్రతి మార్పుకూ ఆ పరీక్ష మళ్ళీ చేసి, గీతలు దగ్గరికొచ్చాయో లేదో చూడండి. నాలుగూ లీన్ వైపుకి చేరగలిగితే శక్తి లెక్క కూడా సులువవుతుంది. 8.5 కంప్రెషన్ ఇంజిన్‌లో లీన్ వైపు గంటకు ఒక గాలన్ అంటే 14.9 హార్స్‌పవర్. 7 గాలన్లయితే 104, మీ ఇంజిన్‌లో 65 శాతం. కుదరకపోతే బలవంతం చేయకండి. తేడా మరీ ఎక్కువున్న ఇంజిన్‌ని, అందరికంటే లీన్‌గా ఉన్న సిలిండర్‌ని చూసుకుని, దాని పీక్‌కి 100 రిచ్‌లో నడపడం మంచి పద్ధతే.

మీది ఫిక్స్‌డ్ పిచ్ ప్రొపెల్లర్ కావడం ఇక్కడ కలిసొస్తుంది. పాత పిస్టన్ ఎయిర్‌లైనర్లలో, డీసీ-7 లాంటివాటిలో, ఫ్లైట్ ఇంజినీర్లు టార్క్ మీటరు (ఇంజిన్ తిప్పే బలం చూపేది) చూస్తూ, శక్తి పది శాతం పడే దాకా లీన్ చేసి సముద్రాలు దాటేవారు. మీకు టార్క్ మీటరు లేకపోయినా ఎత్తు మారనంత సేపూ ఆర్‌పీఎం ఆ పని చేస్తుంది. లీన్ చేస్తుంటే ఆర్‌పీఎం పెరిగి గరిష్ఠమైన చోటు అత్యధిక శక్తి. ఈజీటీ తెర ఆరిపోయిన రోజు కూడా ఈ ఒక్కటీ మీ చేతిలో ఉంటుంది.

కారు పెట్రోలు వాడే ఆలోచన ఉంటే ఒక హెచ్చరిక. ఇథనాల్ పూర్తిగా మండడానికి ఒక పాలుకి 9 పాళ్ళ గాలి చాలు, అంటే అదే జెట్‌తో ఇథనాల్ కలిసిన పెట్రోలు పోస్తే ఇంజిన్ లీన్ అవుతుంది. పది శాతం కలిస్తే 14.7 బదులు 14.1 దగ్గర కావాలి. అందుకే సెన్సర్ తెరని నిష్పత్తిలో కాకుండా లాంబ్డాలో పెట్టుకోండి, పెట్రోలు ఏదైనా 1 అంటే 1. ఇంటి దగ్గర ఇండియాలో మైక్రోలైట్లు నడిపే మిత్రులు ఇది చదివితే వాళ్ళకూ ఒక మాట: రోటాక్స్ 912 ఇంజిన్ తయారీదారు పది శాతం ఇథనాల్ దాకానే ఒప్పుకుంటాడు, మన బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం. ట్యాంకులో పోసేముందు నీళ్ళతో సీసా పరీక్ష చేసి ఎంత శాతముందో చూడండి. లీన్ అవడమే కాక రబ్బరు గొట్టాలు, ట్యాంకు సీలెంట్లు కూడా దెబ్బతింటాయి.

మీ ప్రశ్నలో చివరి ముక్క, సెన్సర్ బంగ్ ఎక్కడ వెల్డ్ చేయించాలి అన్నది. ఎలాగూ ఎగ్జాస్ట్ వర్క్‌షాపుకి వెళ్తున్నారు కాబట్టి రెండు టెయిల్ పైపులకూ ఒక్కొక్కటి వేయించండి, పైపులు కలిసిన చోటు దాటి, కొస నుంచి వీలైనంత లోపలగా, పై వైపుకి. సిలిండర్ దగ్గర పెడితే ఆ వేడికి సెన్సర్ ఆగదు. బంగ్ కూడా పైపు జాతి స్టెయిన్‌లెస్‌దే కావాలి. పరీక్షలు అయ్యాక సెన్సర్లు తీసేసి, దారాలకు యాంటీ-సీజ్ పూసి ప్లగ్గులు బిగించి, ప్లగ్గు తలకు రంధ్రం పెట్టి సేఫ్టీ వైరు వేయండి. ఎగ్జాస్ట్ వణుకుకి వైరు లేని ప్లగ్గు నిలవదు, ఊడితే ఆ మంట నేరుగా కౌలింగ్ లోపలే పడుతుంది.